అప్‌డేట్: పాత టిన్ విజిల్స్ అమ్ముడుపోయాయి

వాడిన టిన్ విజిల్స్ (ఆరు రంధ్రాలుండే లోహపు వేణువులు) రెండు అమ్మాలి, పార్శిల్‌లో వంగిపోకుండా ఎలా పంపాలి అని ఆమధ్య అడిగాను కదా. రెండూ క్షేమంగా చేరాయి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఇత్తడి హై డి (డి శ్రుతిలో పై స్థాయిది) గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 30 సెం.మీ. గొట్టమే కాబట్టి పీవీసీ పైపు ముక్కలో పెట్టి రెండు చివరలా మూతలు బిగించాను. దాని ఊదే ప్లాస్టిక్ తలభాగాన్ని ముందు గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగాను.

టెన్షన్ అంతా లో డి (అదే శ్రుతిలో ఒక స్థాయి కిందిది) తోనే. దాదాపు 60 సెం.మీ. అల్యూమినియం గొట్టం. ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేయడానికి జరిపే జాయింటు) ఉంది కనుక తలభాగం ఊడదీసి, రెండు ముక్కలనూ విడివిడిగా బబుల్ ర్యాప్‌లో చుట్టాను. ఊదే చోటుకు కాస్త కింద కిటికీలాంటి కోత ఉంటుందే, దాని అంచు మీద మాత్రం ఏదీ ఒత్తుకోకుండా చూశాను. గాలి చీలేది అక్కడే, అంచు కాస్త నొక్కుకున్నా నాదం పాడవుతుంది. లోపల దూది కుక్కమని ఒకరన్నారు గానీ, పోగులు గాలిదారిలో ఇరుక్కుంటాయని ఆ పని చేయలేదు.

కొనేవాళ్లను ఒప్పించింది ఫొటోలు కాదు, వీడియో. రెండు స్థాయిల్లోనూ స్వరాలన్నీ వరసగా ఊది, పక్కనే ట్యూనర్ (శ్రుతి సరిగ్గా ఉందో లేదో చూపేది) కనిపించేలా తీశాను. పై స్థాయికి గట్టిగా ఊదాలని, గీతలున్నాయని ముందే చెప్పేశాను. తర్వాత ఎవరూ బేరమాడలేదు!

లో డి కొన్నాయనకు రంధ్రాల మీదకు వేళ్లు సాగడం లేదట. వేళ్ల కొసలతో కాకుండా మధ్య కణుపులతో మూసే పైపర్ల (బ్యాగ్‌పైప్ వాయించేవాళ్ల) పట్టు ప్రయత్నించమన్నాను.