సూది గుచ్చకుండా కొలిచిన కార్డియాక్ అవుట్‌పుట్‌ని నమ్మి మందు మార్చొచ్చా?

అనస్తీషియా_పీజీ:
ఛాతీకి, మెడకి స్టిక్కర్లు అంటించి కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె నిమిషానికి పంపే రక్తం) చూపించే మానిటర్ మా ఐసీయూలోకి కొత్తగా వచ్చింది. సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే స్థితి) బీపీ పడిపోయిన పేషెంట్‌కి అది నిమిషానికి 3.1 లీటర్లు చూపిస్తోంది. నేను ఎకో (గుండె అల్ట్రాసౌండ్) చేస్తే 4.6 వచ్చింది. పల్స్ 112. ఒక సీనియర్ స్టిక్కర్ అంకెని పట్టించుకోవద్దంటారు. ఇంకొకరు, ఆ మాటకొస్తే నీ ఎకో మాత్రం ఏం గొప్ప అంటారు. ఇలాంటి అంకెలు చూసి సెలైన్ ఎక్కించడం, ఇనోట్రోప్ (గుండె సంకోచం పెంచే మందు) మొదలుపెట్టడం సబబేనా? రక్తనాళాల్లోకి లైన్లు వేసి కొలవాల్సిందేనా?

పాత_ఇంటెన్సివిస్ట్:
సబబు కాదు. 1999లో క్రిచ్లీలు ఇద్దరూ ఒక హద్దు పెట్టారు. పాత పద్ధతితో పోల్చినప్పుడు తేడా 30 శాతం లోపు ఉంటేనే కొత్త యంత్రాన్ని ఒప్పుకోవాలన్నారు. 2010లో పేటన్, చాంగ్ అప్పటి అధ్యయనాలన్నీ కలిపి చూశారు. పల్స్ కాంటూర్ (ధమని తరంగం ఆకారం నుంచి లెక్కించడం), ఈసోఫేజియల్ డాప్లర్ (అన్నవాహికలోంచి అల్ట్రాసౌండ్), కార్బన్ డయాక్సైడ్ రీబ్రీతింగ్ (వదిలిన గాలిని మళ్లీ పీల్పించి లెక్కించడం), మీ స్టిక్కర్ మానిటర్ వాడే ఇంపీడెన్స్, ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఆ హద్దులోకి రాలేదు. అన్నీ 40 శాతం పైనే తేలాయి.

ఇంపీడెన్స్ అంటే ఛాతీ గుండా చిన్న కరెంటు పంపి, గుండె కొట్టుకున్నప్పుడల్లా నిరోధం ఎంత మారుతోందో చూడటం. 1960ల్లో కుబిచెక్ బృందం దీన్ని నాసా కోసం రూపొందించింది. వ్యోమగామి ఛాతీ వేరు, మన పేషెంట్ ఛాతీ వేరు. ఊపిరితిత్తుల్లో నీరు, ప్లూరల్ ఎఫ్యూషన్ (ఊపిరితిత్తుల చుట్టూ నీరు), వెంటిలేటర్, ఒళ్లంతా వాపు. వీటిలో ఏది ఉన్నా సిగ్నల్ చెడుతుంది. మరి ఐసీయూలో ఇవేవీ లేని పేషెంట్‌ని ఒక్కరిని చూపించండి.

ఐసీయూ_సిస్టర్:
చెమట పడితే స్టిక్కర్ ఊడటం కూడా కలపండి సార్. వేలికి తొడిగి కొలిచే ఫింగర్ కఫ్ సంగతీ అంతే. నార్‌అడ్రినలిన్ (రక్తనాళాలు బిగించి బీపీ పెంచే మందు) డోసు పెరిగేకొద్దీ వేళ్లు చల్లబడతాయి, స్క్రీన్ మీద తరంగం చదునైపోతుంది. అంకె మాత్రం వస్తూనే ఉంటుంది! ముందు తరంగం చూడండి, తర్వాతే అంకె. కొత్తగా వచ్చిన పిల్లలకి మొదట చెప్పేది అదే.

ఎకో_పిచ్చి:
పీజీ గారూ, మీ 4.6ని కాస్త విప్పి చూద్దాం. వీటీఐ (గుండె ఒక్కసారి కొట్టుకుంటే రక్తం ముందుకెళ్లే దూరం) 13 సెంటీమీటర్లు, ఎల్‌వీఓటీ (గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే దారి) వ్యాసం 2.0 పెట్టి ఉంటారు, అవునా? అప్పుడు వైశాల్యం 3.14, స్ట్రోక్ వాల్యూమ్ (ఒక్కసారి కొట్టుకుంటే వచ్చే రక్తం) సుమారు 41 మిల్లీలీటర్లు, 112తో గుణిస్తే మీ 4.6. ఇప్పుడు అదే బొమ్మలో కాలిపర్‌ని కాస్త లోపలికి పెట్టి వ్యాసం 1.8 అనుకోండి. 4.6 కాస్తా 3.7 అవుతుంది. వ్యాసాన్ని వర్గం చేస్తాం కాబట్టి రెండు మిల్లీమీటర్లకే దాదాపు లీటరు ఎగిరిపోతుంది. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి ఆ కొలత ఎంత మసకగా వస్తుందో మీకే తెలుసు.

అందుకే నేను వ్యాసం జోలికి పోను. వీటీఐ ఒక్కటే చూస్తాను. మామూలుగా 18 నుంచి 22 ఉండాలి. 13 అంటే ఏ వ్యాసం పెట్టినా తక్కువే.

బయోమెడ్_ఇంజనీర్:
పాత సార్ చెప్పిన 30 శాతం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి కదా. పాత పద్ధతి థర్మోడైల్యూషన్‌కే (కాథెటర్‌తో చల్లని సెలైన్ ఎక్కించి, రక్తం చల్లబడే తీరు నుంచి లెక్కించడం) 20 శాతం దాకా తప్పు ఉంటుందని ఒప్పుకుని, కొత్త యంత్రానికీ అంతే ఇస్తే, రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీసిన లెక్క 28 చిల్లర వస్తుంది. దాన్ని 30 చేశారు. అంటే ప్రమాణం అనుకున్నదే ఊగుతోంది. చల్లని సెలైన్ పది మిల్లీలీటర్లు చొప్పున మూడుసార్లు ఎక్కించి సగటు తీయడం ఎందుకు మరి? గుండెలోని ట్రైకస్పిడ్ కవాటానికి లీకు ఉంటే ఆ సగటునీ నమ్మలేం.

ఇంకో మాట. దానికి వాడే, గుండె గుండా ఊపిరితిత్తుల ధమనిలోకి పంపే స్వాన్, గాంజ్‌ల కాథెటర్ 1970లో వచ్చింది. పాతికేళ్లు అందరికీ వేశాక, 1996లో కానర్స్ బృందం అది వేసినవాళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని రాసింది. 2005లో పాక్‌మ్యాన్ ట్రయల్ వెయ్యిమందికి పైగా పేషెంట్లను రెండు గుంపులుగా చేసి చూస్తే, వేసినా వేయకపోయినా ఒకటే. లోపలికి ట్యూబు పంపి తెచ్చిన అంకే ప్రాణం నిలపలేదంటే, అంకె కచ్చితత్వం మీద ఇంత గొడవ దేనికి?

(ఆసక్తి ఉన్నవాళ్లకి: పల్స్ ఆక్సీమీటర్ కనిపెట్టిన అవోయాగి అసలు మొదలుపెట్టింది కార్డియాక్ అవుట్‌పుట్‌ని రక్తం తీయకుండా కొలవాలనే. దారిలో సిగ్నల్‌కి అడ్డుపడిన నాడి కదలికే చివరికి యంత్రమైంది.)

పాత_ఇంటెన్సివిస్ట్:
ఆ ఆక్సీమీటర్ నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఆక్సిజన్ తగ్గినా తగ్గలేదని ఎక్కువసార్లు చూపిస్తోందని 2020లో తేలింది. సూది లేదు కాబట్టి హాని లేదనుకోవడం తప్పు. తప్పుడు అంకె చూసి ఎక్కించిన రెండు లీటర్ల సెలైన్ సూది కన్నా లోతుగా దిగుతుంది.

ఐసీయూ_సిస్టర్:
యంత్రమే లేకుండా ఒకటుంది. చూపుడువేలి కొసని గ్లాస్ స్లైడ్‌తో పది సెకన్లు నొక్కి వదలడం. రంగు మూడు సెకన్లలో తిరిగి రావాలి. 2019 ఆండ్రోమెడా షాక్ ట్రయల్‌లో 424 మందికి ఇలా చూస్తూ ఒక గుంపుకి, లాక్టేట్ (కణాలకి రక్తం సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) చూస్తూ ఇంకో గుంపుకి చికిత్స చేశారు. 28 రోజుల్లో మరణాలు వరుసగా 34.9 శాతం, 43.4 శాతం. గణాంకాల ప్రకారం తేడా గట్టిగా నిలబడలేదు గానీ, వేలు నొక్కడం లాక్టేట్‌కి తీసిపోలేదు.

ఎకో_పిచ్చి:
పీజీ గారూ, కాళ్లు ఎత్తి చూశారా? చేత్తో ఎత్తొద్దు. 45 డిగ్రీల్లో కూర్చున్న పేషెంట్‌ని మంచం మీటతోనే వెనక్కి వాల్చి, కాళ్లవైపు లేపండి. కాళ్లలో రక్తం మూడొందల మిల్లీలీటర్ల దాకా గుండెవైపు వస్తుంది. నిమిషంలోపే వీటీఐ చూడాలి, ఆ తర్వాత ప్రభావం పోతుంది. 10 శాతమైనా పెరక్కపోతే సెలైన్ దండగ. పొట్ట బిగుసుకుని ఉంటే మాత్రం ఈ పరీక్ష నమ్మొద్దు.

అనస్తీషియా_పీజీ:
చూశాను. 13 నుంచి 13.4. సెలైన్ ఆపేశాం. గుండె సంకోచం కూడా మందంగానే ఉంది, డోబుటమిన్ అనే ఇనోట్రోప్ కొద్దిగా మొదలుపెట్టాం. గంటకి వీటీఐ 16 అయింది, పల్స్ పెద్దగా మారలేదు. చిత్రం ఏమిటంటే స్టిక్కర్ మానిటర్ కూడా 3.1 నుంచి 3.8కి వెళ్లింది. రెండూ ఇంచుమించు ఒకే శాతం పెరిగాయి. నార్‌అడ్రినలిన్ నడుస్తోంది కాబట్టి ఆర్టీరియల్ లైన్ (ధమనిలోకి ట్యూబు) కూడా వేశాం.

పాత_ఇంటెన్సివిస్ట్:
చివరికి లైన్ వేశారుగా!

బయోమెడ్_ఇంజనీర్:
బీపీ కోసం సార్. అవుట్‌పుట్ కోసం కాదు.

పాత_ఇంటెన్సివిస్ట్:
సరే. గంటలో పెరిగిన శాతం కలిసిందని ఒప్పుకుంటాను, పేషెంట్ ఛాతీ గంటలో మారదు కాబట్టి. రేపటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆ 3.8 ఎటు పోతుందో, ఎకో ఏమంటుందో, అది కూడా ఇక్కడే రాయండి.