ఫ్రేమింగ్ పని చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇన్సూరెన్స్ గురించి కొంచెం చెప్పండి

సుత్తి_మేకు
అందరికీ నమస్తే. టెక్సస్‌లో ఇళ్ళకి చెక్క ఫ్రేమింగ్, అంటే గోడల, కప్పు చట్రం కట్టే పని చేస్తాను, నాతో కలిపి ఐదుగురం. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ కింద చేశా, ఇప్పుడు ఒక బిల్డర్ డైరెక్ట్‌గా పని ఇస్తానన్నాడు. కానీ జనరల్ లయబిలిటీ (మన పని వల్ల వేరేవాళ్ళకి నష్టమొస్తే ఇచ్చే ఇన్సూరెన్స్) ఒక్కో ఘటనకి ఒక మిలియన్, మొత్తానికి రెండు మిలియన్ డాలర్ల లిమిట్లతో ఉండాలి, నా పాలసీ తనకీ వర్తించేలా తనని అడిషనల్ ఇన్‌ష్యూర్డ్‌గా పెట్టి సర్టిఫికేట్ పంపాలి అంటున్నాడు. రెండు రేటు కొటేషన్లు తెచ్చా, లిమిట్లు రెండిట్లోనూ ఒకటే కానీ ఒకదాని రేటు ఇంకోదాంట్లో సగం. చవకది తీసేసుకుంటే పోలా?

దూలం_బాబాయ్
ఆ సగం దగ్గరే ఆగు తమ్ముడూ. నేనూ అలాగే తీసుకున్నా. న్యూయార్క్‌లో పని, మా కుర్రాడు రెండో అంతస్తులో గోడ నిలబెడుతూ కింద పడ్డాడు, వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలితే పనివాడికిచ్చే ఇన్సూరెన్స్) వాళ్ళు ఆస్పత్రి ఖర్చు, జీతం అన్నీ ఇచ్చారు, అయిపోయింది అనుకున్నా. కాంప్ ఉంది కాబట్టి కుర్రాడు నన్ను సూ చెయ్యలేడు కదా, జనరల్ కాంట్రాక్టర్ మీద వేశాడు. అక్కడ లేబర్ లా 240 అని ఒకటుంది, ఎత్తు నించి పడిన కేసుల్లో ఓనరూ కాంట్రాక్టరూ తప్పించుకోవడం చాలా కష్టం. ఆ కాంట్రాక్టర్ మా ఒప్పందం తీసి, నష్టం వస్తే నువ్వే భరిస్తానని సంతకం పెట్టావు కదా అని నా మీదకి తోశాడు. నా పాలసీలో యాక్షన్ ఓవర్ ఎక్స్‌క్లూజన్ అని ఒక కాగితం ఉందట, సరిగ్గా ఇలాంటి కేసుకే డబ్బు ఇవ్వమని. చివరికి లాయర్ ఫీజు నాది, సెటిల్‌మెంటూ నాదే. నీ రెండు కొటేషన్లలో ఆ కాగితం దేంట్లో ఉందో ముందు చూడు.

ఒకప్పటి_ఏజెంట్
బాబాయ్ గారు చెప్పింది కరెక్ట్. సర్టిఫికేట్ అనేది ఒక్క పేజీ కాగితం, దానివల్ల ఎవరికీ హక్కులు రావు, అసలు సంగతంతా పాలసీకి జతచేసే అదనపు కాగితాల్లో, అంటే ఎండార్స్‌మెంట్లలో ఉంటుంది. బిల్డర్ తనని చేర్చమని అడిగే ఫారాలు మామూలుగా రెండు, సీజీ 20 10 పని నడుస్తున్నప్పటికి, సీజీ 20 37 పని అయిపోయిన తర్వాతకి. చవక పాలసీల్లో రెండోది చాలాసార్లు ఉండదు. ఫ్రేమింగ్‌లో గొడవలొచ్చేదేమో ఇల్లు అమ్మేశాకే!

ఆడిట్_బాధితుడు
నాది వేరే ఏడుపు. ప్రీమియం కట్టేశా కదా అని కూర్చుంటే ఏడాది చివర ఆడిట్ అన్నారు. వర్కర్స్ కాంప్ ప్రీమియం జీతాల మీద లెక్క, ప్రతి 100 డాలర్లకి ఇంత అని, చెక్క పనికి రేటు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. నేను 1099 మీద, అంటే ఉద్యోగులుగా కాకుండా విడి కాంట్రాక్టర్లుగా, ఇద్దరు సబ్‌లకి డబ్బిచ్చా, వాళ్ళ ఇన్సూరెన్స్ సర్టిఫికేట్లు తీసుకోలేదు, వాళ్ళకిచ్చిందంతా నా జీతాల్లో కలిపేసి బిల్లు పంపారు. ఇప్పుడైతే సర్టిఫికేట్ చేతికొచ్చాకే చెక్కు. ఓవర్‌టైమ్‌లో ఎక్స్‌ట్రా ఇచ్చే సగం విడిగా రాసి పెట్టుకుంటే చాలా స్టేట్స్‌లో అది లెక్కలోంచి తీసేస్తారు, ఈ ముక్క నాకు ఎవడూ చెప్పలేదు.

సుత్తి_మేకు
టెక్సస్‌లో వర్కర్స్ కాంప్ తప్పనిసరి కాదంటారు కదా, అదొకటి మిగిలిందనుకున్నా...

ఒకప్పటి_ఏజెంట్
ప్రైవేట్ యజమానికి తప్పనిసరి కాదు, నిజమే. కానీ తీసుకోకపోతే పనివాడు నేరుగా మీ మీదే కేసు వెయ్యొచ్చు, అప్పుడు తప్పులో వాడికీ భాగం ఉంది, ప్రమాదం తెలిసే ఎక్కాడు, తోటి పనివాడి పొరపాటు అనే వాదనలేవీ పనికిరావు. మీ నిర్లక్ష్యం కొంచెమున్నా చాలు అన్నమాట. ఆరు అడుగులు దాటితే పడకుండా ఏర్పాటు ఉండాలని ఓషా (పని భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) రూల్ ఎలాగూ ఉంది, అది లేకపోతే ఇక చెప్పేదేముంది. చాలామంది బిల్డర్లు కూడా కాంప్ లేనిదే సైట్‌లోకి రానివ్వరు.

ట్రస్_తంటాలు
ఒక్క మాట, మాకు బ్రేసింగ్ (పడకుండా అడ్డంగా బిగించే చెక్కలు) పూర్తి కాకుండా గాలొచ్చి పైకప్పు మోసే చెక్క చట్రాలు, అంటే ట్రస్‌లన్నీ పేకముక్కల్లా పడ్డాయి. జనరల్ లయబిలిటీలో మనం పని చేస్తున్న ఆ భాగానికే డబ్బు రాదట, బిల్డర్ తీసుకున్న బిల్డర్స్ రిస్క్ పాలసీ (కడుతున్న ఇంటికి వేసే ఇన్సూరెన్స్) కాపాడింది. అందుకే అది ఉందా లేదా, అందులో సబ్‌లని చేర్చాడా అని మొదలెట్టేముందే అడగండి. నెయిల్ గన్‌లు పోతే దానికి టూల్స్ పాలసీ వేరే, ట్రక్కుకి కమర్షియల్ ఆటో వేరే, సొంత కారు పాలసీతో లాగిద్దామనుకోకండి.

సుత్తి_మేకు
చవక కొటేషన్ వాడి దగ్గర ఎండార్స్‌మెంట్లన్నీ తెప్పించి చదివా, రాత్రి ఒంటిగంటైంది. యాక్షన్ ఓవర్ ఉంది. దాని కిందే గోడ కలిసుండే వరస ఇళ్ళకి, అంటే టౌన్‌హౌస్ పనులకి కవరేజీ లేదని ఇంకోటి ఉంది. బిల్డర్ నాకు ఇస్తానన్నవి 14 ఇళ్ళు, అన్నీ టౌన్‌హౌస్‌లే.

దూలం_బాబాయ్
ఏం పని చేస్తావని ఏజెంట్ అడగలేదా?

సుత్తి_మేకు
ఫ్రేమింగ్ అన్నాను బాబాయ్. ఏ ఇళ్ళకో వాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రేపు రెండోవాడికి ఫోన్ చేసి మొదటి మాటే టౌన్‌హౌస్ అంటా.