తాతాజీ అంటే పదేళ్ళ కుర్రాడా?

ప్రశ్న: 1986 ఆగస్టు గోదావరి వరద మీద కథ రాస్తున్నానండి. ఊరు కోనసీమలో ఒక లంక (గోదావరి మధ్య దీవి). అరవై ఏళ్ళ రైతు సత్యనారాయణ, ఆయన భార్య, కోడలు, పదేళ్ళ మనవడు. పిల్లాడి పేరు తాతాజీ. చదివిన హైదరాబాద్ స్నేహితుడు సగం కథ దాకా తాతాజీ అంటే ఆ ముసలాయనే అనుకున్నాడట. పేరు మార్చెయ్యమంటున్నాడు. మార్చాలంటారా?

జవాబు: మార్చకండి. తాతాజీ, అమ్మాజీ, బాబ్జీ, నానాజీ లేకుండా గోదావరి జిల్లాల్లో వీధి ఉంటుందా? పైగా ఆ పిలుపు ఎందుకు పుడుతుందో ఆలోచిస్తే మీకు ఒక సీను దొరుకుతుంది. మనవడికి తాత పేరు పెట్టడం ఆనవాయితీ కాబట్టి మీ పిల్లాడి అసలు పేరు కూడా సత్యనారాయణే అయ్యుంటుంది. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదు. మరి అల్లరి చేస్తే తిట్టడం ఎలా? "ఒరే సత్యనారాయణా, వెధవా" అంటే అరుగు మీద కూర్చున్న పెద్దాయనకు తగలదూ! అందుకే తాతాజీ, తాతబ్బాయి లాంటి పిలుపులు. నాయనమ్మకైతే అది మొగుడి పేరు, ఆవిడా అనదు. ఇంటి ఆడవాళ్ళెవరూ పలకని పేరు అది. పెట్టి పిలిచేది ఆ ముసలాయన ఒక్కడే. కథకుడికి ఇంతకన్నా ఏం కావాలండీ?

పాత్రకి పేరు వెతికేటప్పుడు చాలామంది అర్థం చూస్తారు, అందం చూస్తారు. నన్నడిగితే ఆ పేరుతో పిలిచేదెవరో ముందు తేల్చుకోవాలి. బడి రిజిస్టరులో వీర వెంకట సత్యనారాయణ (అన్నవరం స్వామి పూర్తి పేరు, మన వైపు ఇంటిపేరు తర్వాత రెండు 'వి'లు కనబడ్డాయంటే చాలావరకు ఆయన చలవే), ఇంట్లో తాతాజీ, బడిలో పిల్లలు పెట్టింది ఇంకోటి. ఊళ్ళో సత్యనారాయణలు పదిమంది ఉంటారు గనక ముసలాయన కాలవ లాకుల దగ్గరుంటే లాకుల సత్యమో, ఏరు దాటించే పంటు దగ్గరుంటే పంటు సత్యమో అవుతాడు. ఇంటిపేరు మాత్రం అవసరమైతేనే రాయండి. అది చెప్పగానే కులం ఏమిటో సగం మంది ఊహించేస్తారు.

ఇంకో సభ్యుడు: పేరుని బట్టి ఏ గుడి దగ్గరివాళ్ళో కూడా తెలుస్తుంది. అంతర్వేది చుట్టుపక్కల నరసింహాలు, ద్రాక్షారామం దగ్గర భీమేశ్వరరావులు, మాణిక్యాంబలు, భీమవరంలో మావుళ్ళమ్మ పేరున మావుళ్ళు.

మరో సభ్యురాలు: అన్ని పేర్లూ గుళ్ళ చుట్టూనే తిరిగితే ఎలాగండీ? లంకలో పేట (దళితవాడ) ఉండదా? నరసాపురం కేంద్రంగా మిషనరీలు 1830ల్లోనే పని మొదలుపెట్టారు. యేసుపాదం, కృపావరం, సువార్తమ్మ, దైవసహాయం కూడా డెల్టా పేర్లే. మీకు పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకుంటే ఎస్సీ హోదా ఉండదు. అందుకని చర్చిలో ఇశ్రాయేలు అయినవాడు సర్టిఫికెట్లో వెంకటేశ్వరరావుగా ఉండిపోతాడు. పునరావాస శిబిరంలో గుమాస్తా పేరు అడిగితే ఏది చెప్పాలో అతను ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణం రాయగలిగితే రాయండి.

మొదట జవాబిచ్చినవారు: నాకు తట్టలేదమ్మా, బాగా చెప్పారు. దీనికే ఇంకోటి కలుపుతాను. మన కథల్లో పెంటయ్య, తవుడు అనగానే పాలేరో నవ్వించే పాత్రో. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డని పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకునేవారు, తవుడుకి అమ్మినట్టు చేసి మళ్ళీ కొనుక్కునేవారు. అలా వచ్చిన పేర్లు అవి. ఆ పేరున్నవాడు ఇంట్లో అందరికన్నా గారాబంగా పెరిగి ఉంటాడు. ఒక్కసారైనా అలా రాస్తే బాగుణ్ణు.

కాలం కూడా చూసుకోండి. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో పుట్టినవాళ్ళకి నాయకుల పేర్లు పెట్టారు. పిల్లి సుభాష్ చంద్రబోస్, జ్యోతుల నెహ్రూ ఇద్దరూ పాత తూర్పు గోదావరి జిల్లా రాజకీయ నాయకులే కదా. మీ పిల్లాడి తండ్రి బోసుబాబు అయితే సరిగ్గా అతుకుతుంది. అదే 1986 లంకలో ఆర్యన్ ఉంటే మాత్రం నేను పుస్తకం మూసేస్తాను.

మరొకరు: మామగారి పేరు అనకూడదన్నది అందరిళ్ళలో లేదండోయ్. మా అమ్మ మా తాత ఎదురుగానే ఆ పేరుతోనే నన్ను తిట్టేది. ఆయన నవ్వేవాడు.

ప్రశ్న వేసినవారు: అయితే నా కోడలు ఏ రకమో నేనే తేల్చుకోవాలన్నమాట. తాతాజీ ఉంటాడు. కానీ స్నేహితుడి లాంటి పాఠకుల సంగతో?

జవాబు: పేరు మొదటిసారి వచ్చే వాక్యంలోనే పిల్లాడి పని ఒకటి చేయించండి. నిక్కరు పైకి లాక్కుంటూ గట్టెక్కాడు తాతాజీ, అంతే. వివరణ ఇచ్చుకోవద్దు.