కాలేజీ స్కీ జట్టులో చేరాలా, ఏడాది ఆగాలా? 18 ఏళ్ల క్రాస్ కంట్రీ స్కీయర్‌కి ఏది మేలు?

మిన్నెసోటా నాన్న:

మా అమ్మాయికి ఈ జూన్‌తో హైస్కూల్ అయిపోతుంది. ఏడో తరగతి నుంచి క్రాస్ కంట్రీ స్కీయింగ్ చేస్తోంది, అంటే స్కీలు కట్టుకుని కర్రలతో తోసుకుంటూ మంచు మీద కిలోమీటర్ల కొద్దీ సాగే ఆట. తూర్పున ఒక కాలేజీ కోచ్ జట్టులో చోటిస్తామన్నారు. ఇక్కడి క్లబ్ కోచ్ మాత్రం ఒప్పుకోవడం లేదు. "ఒక్క ఏడాది ఆగండి, ఒళ్లు ఇంకాస్త గట్టిపడనివ్వండి. ఇప్పుడే పంపితే వారం వారం రేసులతో అరిగిపోతుంది" అంటున్నారు. దానికాయన చూపించే ఉదాహరణ జెస్సీ డిగ్గిన్స్. ఆవిడ మా పక్కనే ఆఫ్టన్‌లో పెరిగింది. నార్తర్న్ మిషిగన్ యూనివర్సిటీలో సీటొచ్చినా చేరకుండా నేరుగా రేసింగే వృత్తిగా పెట్టుకుంది. 2018లో కిక్కన్ ర్యాండల్‌తో కలిసి టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం తెచ్చింది. క్రాస్ కంట్రీలో అమెరికాకి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం.

మా పిల్ల జెస్సీ అవుతుందని నేను అనుకోవడం లేదు. కానీ ఈ ఆటంటే దానికి ప్రాణం. పొద్దున్నే చీకట్లో లేచి, తలకు లైటు కట్టుకుని వెళ్లే పిల్లని ఆపడం నా వల్ల కాదు, ఆపాలనీ లేదు. చదువు ఎక్కడైనా చదువుతుంది, ఆ దిగులు లేదు. నా ప్రశ్న ఒక్కటే: కాలేజీ జట్టు స్కీయర్‌ని పెంచుతుందా, వాడుకుని వదిలేస్తుందా?

వ్యాక్స్ బండి:

పెంచుతుందండీ. పదేళ్లుగా కాలేజీ రేసుల్లో స్వచ్ఛందంగా స్కీలకు వ్యాక్స్ (జారడానికి, పట్టుకి స్కీ అడుగున రాసే మైనం) వేస్తున్నాను, కళ్లారా చూసిన మాట చెబుతున్నాను.

మీ క్లబ్ కోచ్ ఒక్క పేరు చెప్పారు. నేను నాలుగు చెబుతాను. రోజీ బ్రెనన్, సోఫీ కాల్డ్‌వెల్ ఇద్దరూ డార్ట్‌మత్‌లో చదివినవాళ్లే. కాల్డ్‌వెల్ 2016 జనవరిలో ఓబర్స్‌డార్ఫ్‌లో ప్రపంచ కప్ స్ప్రింట్ గెలిచింది. సిమీ హ్యామిల్టన్ మిడిల్‌బరీ కుర్రాడు, 2013 డిసెంబర్ 31న లెంజర్‌హైడ్‌లో టూర్ డి స్కీ అనే వరుస రేసుల పోటీలో స్ప్రింట్ గెలిచాడు. బెన్ ఓగ్డెన్ వర్మాంట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదువుతూనే ప్రపంచ కప్‌లో తిరిగాడు. వీళ్లలో బ్రెనన్ కథ మీరు తప్పక చదవాలి. జాతీయ జట్టు నుంచి రెండుసార్లు తీసేశారు. అయినా వదల్లేదు. 2020 డిసెంబర్‌లో దావోస్‌లో మొదటి ప్రపంచ కప్ గెలిచేసరికి ఆవిడకి 32 ఏళ్లు. ఈ ఆటలో మనిషి పండటానికి అంత కాలం పడుతుంది. 18 ఏళ్లకే ఏదో అయిపోవాలన్న తొందర ఎందుకు?

ఇంకో సంగతి. హైస్కూల్ దాటాక ఎక్కువమంది పిల్లలు ఆట వదిలేసేది ఓడిపోయి కాదు, ఒంటరివాళ్లై. కోచ్, వ్యాన్, వ్యాక్స్ గది, పక్క మంచం మీద అలారం మోగితే లేచే ఇంకో పిల్ల, ఇవన్నీ ఒకేచోట దొరికేది కాలేజీ జట్టులోనే. బయట క్లబ్బులో ఉంటే స్కీలు, ప్రయాణాలు, రేసు ఫీజులు అన్నీ మీ జేబులోంచే.

రేసు రోజు ఎలా ఉంటుందో ఎప్పుడైనా వచ్చి చూడండి. తెల్లారకముందే మేం ట్రాక్ మీద ఉంటాం. కొత్త మంచా, పాత గరుకు మంచా, తడి ఎంత, ఎండ పడ్డాక ఎలా మారుతుంది అని చూసుకుంటూ జత తర్వాత జత జార్చి పరీక్షిస్తాం. క్లాసిక్ రేసు (స్కీలు రెండూ సమాంతరంగా ఉంచి నడిచినట్టు వెళ్లేది) నాడు మంచు సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గర ఊగిసలాడిందంటే గుండెలు అరచేతిలోనే. పట్టునిచ్చే కిక్ వ్యాక్స్ పలచబడితే ఎత్తు మీద కాలు వెనక్కి జారుతుంది, మందమైతే మంచు అడుగున గడ్డకట్టి పట్టేస్తుంది. స్టార్ట్‌కి పది నిమిషాల ముందు సీనియర్ ఒకడు తన స్కీలు తీసి మొదటి ఏడాది పిల్లాడికి ఇవ్వడం నేను చూశాను. ఆ పిల్లాడు ఇవాళ ఒక హైస్కూల్ జట్టుకి కోచ్.

పాత బిబ్:

వ్యాక్స్ బండి గారూ, మీరు చూసింది నిజం. కానీ మీరు చూసింది రేసు రోజు. మిగతా ఆరు రోజులు నేను చెబుతాను. తూర్పు తీరంలోనే ఒక కాలేజీకి నాలుగేళ్లు రేస్ చేశాను. కాదు, రెండున్నరేళ్లు చేశాను, మిగతాది ఎక్సర్‌సైజ్ సైకిల్ మీద గడిచింది.

నాన్నగారూ, ముందు ఈ లెక్క తెలుసుకోండి. ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే సంస్థ) ఫైనల్స్‌కి ఒక కాలేజీ నుంచి నార్డిక్‌లో, అంటే క్రాస్ కంట్రీలో, ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు, అంతే. ఆల్పైన్ వాళ్లని, అంటే కొండ మీంచి కిందికి జారేవాళ్లని, కలుపుకుంటే మొత్తం 12 మంది. మా జట్టులో క్రాస్ కంట్రీ అమ్మాయిలం ఏడుగురం. జనవరి నుంచి మార్చి దాకా వారాంతం వచ్చిందంటే కార్నివాల్ అనే కాలేజీల పోటీ, శుక్రవారం ఒక రేసు, శనివారం ఒక రేసు. పైకి అది వేరే కాలేజీలతో పోటీ. లోపల మా ఏడుగురి మధ్య పోటీ. నా పక్క మంచం మీద పడుకునే అమ్మాయి నాకు ప్రాణ స్నేహితురాలు, నా చోటు తీసుకోబోయేదీ తనే.

హైస్కూల్ చివరి ఏడాది నా శిక్షణ 420 గంటలు. కాలేజీ మొదటి ఏడాది 640. ఇంత చెయ్యమని ఎవరూ చెప్పలేదు. కోచ్ రాసిచ్చింది 500. మిగతా 140 నేనే కలుపుకున్నాను. ఎందుకంటే స్టార్ట్ లైన్ మీద నా పక్కన నిలబడేది 22, 23 ఏళ్ల నార్వే, స్వీడన్ అమ్మాయిలు. అక్కడి స్కీ స్కూళ్లలో ఏళ్లకేళ్లు శిక్షణ పొంది వచ్చినవాళ్లు. వాళ్లని అందుకోవాలని ఆగస్టులో చక్రాలున్న రోలర్ స్కీల మీద రోజుకి రెండు పూటలు తిరిగాను. నెమ్మదిగా వెళ్లాల్సిన రోజు నెమ్మదిగా వెళ్లలేదు. సీనియర్ల గుంపుతో వెళ్తే వాళ్లకి తేలిక అనిపించే వేగం నాకు తేలిక కాదు. నాకది మధ్యస్థం కంటే ఎక్కువ. అది రోజూ జరిగింది.

తిండి ఖర్చయినంత తినలేదు. మెస్ మూసేలోపు ప్రాక్టీసు అయ్యేది కాదు, అదొక కారణం. బరువు తగ్గితే ఎత్తులు తేలికవుతాయన్న పిచ్చి రెండో కారణం. నెలసరి ఆగిపోతే "గట్టిగా కష్టపడుతున్నాను కదా" అని సంతోషించాను. రెండో ఏడాది ఫిబ్రవరిలో కాలి ఎముకలో సన్నని పగులు వచ్చింది. స్పోర్ట్స్ డాక్టర్ అప్పుడు చెప్పింది, ఖర్చు పెట్టే శక్తికి సరిపడా తిండి లేకపోతే శరీరం ముందుగా నెలసరినీ ఎముకల బలాన్నీ తగ్గించుకుంటుందని. దీని మీద ఒలింపిక్ కమిటీ 2014లోనే వైద్యులకి మార్గదర్శకాలు ఇచ్చింది. మా జట్టులో ఒక్కసారి కూడా ఆ మాట రాలేదు.

మీరు చెప్పిన డిగ్గిన్స్ కాలేజీకి వెళ్లలేదు, నిజమే. కానీ ఆవిడా 18, 19 ఏళ్ల వయసులో బులీమియాతో (అతిగా తిని బలవంతంగా కక్కేసే తిండి రుగ్మత) పోరాడి చికిత్స తీసుకుంది. ఆ సంగతి తనే బయటపెట్టి, చికిత్స ఇచ్చిన సంస్థ పేరున్న టోపీ పెట్టుకుని రేసులు చేసింది. కాబట్టి కాలేజీ మానేస్తే గండం తప్పుతుందని కాదు. ఆ వయసు పిల్లని రోజూ ఎవరు చూస్తారన్నదే ప్రశ్న.

నా కోచ్ చెడ్డ మనిషి కాదు. 14 మంది క్రాస్ కంట్రీ స్కీయర్లకి ఒక కోచ్, ఒక అసిస్టెంట్. వాళ్లకి పాయింట్లు కావాలి. నేను పాయింట్లు తెస్తున్నంత కాలం నేను బాగానే ఉన్నట్టు లెక్క.

గంటల లెక్క:

పైన గంటల ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఎన్‌సీఏఏ నిబంధన వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు, వారంలో ఒక రోజు సెలవు. ఇన్ని ఉన్నా ఎవరైనా ఎలా అరిగిపోతారు?

పాత బిబ్:

ఆ నిబంధన ఇక్కడ ఎవర్నీ కాపాడదండీ. ఏడాదికి 600 గంటలంటే సగటున వారానికి 11న్నర. ప్రపంచ స్థాయి వాళ్లు చేసే 800, 900 గంటలైనా వారానికి 20 లోపే. పైగా రేసు రోజు ఎంతసేపు గడిపినా 3 గంటలుగానే రాస్తారు, వ్యాన్‌లో కూర్చున్న ఆరు గంటలు అసలు లెక్కలోకే రావు.

ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. సీజన్ కాని రోజుల్లో కోచ్ తప్పనిసరి చేయగలిగింది వారానికి 8 గంటలే, వేసవి సెలవుల్లో పిల్లలు ఇళ్లకి వెళ్లిపోతారు. స్కీయర్ తయారయ్యేది ఎండాకాలంలో. మే నుంచి నవంబర్ దాకా రోలర్ స్కీలు, పరుగు, కర్రలతో కొండలెక్కడం, వెయిట్స్. అంటే ఏడాది పనిలో ఎక్కువ భాగం కోచ్ కంటికి కనపడకుండా జరుగుతుంది. ఆయన కాగితం పంపుతాడు, మనం ఫోన్‌లో గంటలు నింపుతాం. నేను నింపిన దాంట్లో 140 గంటలు లేవు.

గంటల లెక్క:

అర్థమైంది. గంటల కంటే పెరుగుదలే ప్రమాదం అన్నమాట. 420 నుంచి 640 అంటే ఒక్క ఏడాదిలో సగానికి పైగా పెంచడం. నేను మారథాన్లు పరిగెత్తేవాణ్ణి, అంత పెంచితే నేనైతే రెండు నెలల్లో పడిపోయేవాణ్ణి. మీరు ఏడాదిన్నర నిలబడ్డారు.

వాసాచ్ గాలి:

యూటాలో ఉంటాను, పడమటి కాలేజీల రేసులు దగ్గర్నుంచి చూస్తాను. విదేశీ స్కీయర్ల సంగతి పాత బిబ్ గారు తేల్చేసినట్టుగా ఉంది, నేను ఒప్పుకోను. వాళ్లు లేకపోతే మన పిల్లలు ఎవరి వెనక స్కీ చేసి నేర్చుకుంటారు? యూరప్ వెళ్లి ప్రపంచ కప్ రేసు చేసే అవకాశం దేశంలో ఎంతమందికి వస్తుంది? డెన్వర్, కొలరాడో, యూటా, అలాస్కా జట్లలో ఉన్న యూరప్ పిల్లల వల్ల అదే స్థాయి ఇంటి ముందుకొచ్చింది. అందరూ ఒకేసారి బయల్దేరే 20 కిలోమీటర్ల మాస్ స్టార్ట్‌లో ముందు గుంపుతో 12 కిలోమీటర్లు నిలబడి తర్వాత విడిపోయిన పిల్లాడు, ఆ 12 కిలోమీటర్లలో నేర్చుకున్నది ఏ క్లబ్బూ నేర్పదు.

అయితే ఒక మాట ఒప్పుకుంటాను. పూర్తి స్కాలర్‌షిప్‌లు ఈ ఆటలో ఎప్పుడూ కొద్దే. 2025 దాకా ఎన్‌సీఏఏ పై స్థాయి అయిన డివిజన్ 1లో ఒక కాలేజీకి మగవాళ్లకి 6.3, ఆడవాళ్లకి 7. అది కూడా ఆల్పైన్, నార్డిక్ కలిపి. ఆ కొద్దిలో సగం 22 ఏళ్లవాళ్లకి వెళ్తే 18 ఏళ్ల పిల్లకి మిగిలేది తక్కువే. తూర్పున మిడిల్‌బరీ, బేట్స్, బోడన్, విలియమ్స్ లాంటి చిన్న కాలేజీలు ఆట కోసం డబ్బివ్వవు, డార్ట్‌మత్, హార్వర్డ్ కూడా ఇవ్వవు. అయినా అందరూ ఒకే ఫైనల్స్‌లో పోటీ పడతారు. మీ అమ్మాయికి పిలుపు వచ్చింది ఎలాంటి కాలేజీ నుంచో చెబితే జవాబు మారుతుంది.

పాత బిబ్:

వాసాచ్ గారూ, ఆ అమ్మాయిల మీద నాకు కోపం లేదు. నాకు డబుల్ పోలింగ్ (రెండు కర్రలతో ఒకేసారి తొయ్యడం) సరిగ్గా నేర్పింది వాళ్లలో ఒకమ్మాయే, చేతులతో కాదు పొట్టతో తొయ్యమని. తప్పు ఎక్కడంటే, ఐదేళ్ల తేడా ఉన్నవాళ్ల మధ్య నిలబెట్టి "నీ టైమ్ ఇది" అని ఒకే కాగితం మీద చూపించినప్పుడు, 18 ఏళ్ల పిల్ల ఆ ఐదేళ్లని ఒక్క ఎండాకాలంలో పూడ్చాలనుకుంటుంది. పక్కన నిలబడి "నీకింకా టైముంది" అని చెప్పే మనిషి ఉంటే ఎవరితో పోటీ పడినా పర్వాలేదు.

వ్యాక్స్ బండి:

పాత బిబ్ అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీలాంటి పిల్లల స్కీలకి నేను వ్యాక్స్ వేసే ఉంటాను. మంచు గురించి అడిగాను, స్కీ పట్టు గురించి అడిగాను, తిన్నావా అని ఒక్కరినీ అడగలేదు. ఈ చలికాలం నుంచి అడుగుతాను.

నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఏడాది ఆగితే ఈ పిల్లని చూసేది ఎవరు? ఒక్క క్లబ్ కోచ్. ఆయనకీ ఉండేది రెండు కళ్లే. జట్టు ఉండాలి, జట్టులో ఈ మాట మాట్లాడేవాళ్లు ఉండాలి.

మిన్నెసోటా నాన్న:

అందరికీ నమస్కారాలు. ఇదంతా మా అమ్మాయి చేత చదివించాను. పాత బిబ్ గారు రాసిన దగ్గర చాలాసేపు ఆగింది. ఈ ఏడాది తన గంటలు 450 అట, నాకు ఇప్పటిదాకా తెలియదు.

వాసాచ్ గారూ, ఆటకి డబ్బివ్వని చిన్న కాలేజీయే. అమ్మాయి తనంతట తనే నిన్న సాయంత్రం కోచ్‌కి ఫోన్ చేసింది. నేను పక్క గదిలో కూర్చున్నాను. మూడు అడిగింది. మొదటి ఏడాది నేను ఎన్ని గంటలు దాటకూడదు? నెలసరి ఆగితే ఎవరికి చెప్పాలి? నాలుగేళ్ల కిందట చేరిన అమ్మాయిల్లో ఎంతమంది ఇంకా రేస్ చేస్తున్నారు?

మొదటిదానికి "500, దాటితే నేనే ఫోన్ చేస్తాను, వేసవిలో కూడా" అన్నారట. రెండోదానికి ఒక డాక్టర్ పేరు చెప్పి, జట్టులో అందరూ సీజన్‌కి ముందు ఆవిడని కలుస్తారన్నారు. మూడోదానికి కాసేపు ఆగారట. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టినట్టు ఒక్కొక్కరినీ తలుచుకుని, ఐదుగురు చేరితే ముగ్గురు ఉన్నారన్నారు.

పాత బిబ్:

వెళ్లిపోయిన ఆ ఇద్దరితో మాట్లాడించమని అడగండి. కోచ్ వెనకాడితే అదే మీకు జవాబు.

మిన్నెసోటా నాన్న:

అడిగింది. కోచ్ వాళ్లిద్దరినీ కనుక్కుని ఒకమ్మాయి నంబర్ పంపారు. ఆదివారం పొద్దున మాట్లాడతానందట. మా అమ్మాయి ఆ రోజు రోలర్ స్కీ ప్రాక్టీసు మధ్యాహ్నానికి మార్చుకుంది.