300 లీటర్ల జాకెట్ బాండీకి సీఈ ముద్ర: ఈ లెక్క సరైనదేనా?

మండపేట వర్క్‌షాపు:
కాజాల పాకానికీ కోవాకీ ఆవిరి జాకెట్ బాండీలు చేస్తాం, అంటే గిన్నె చుట్టూ ఆవిరి నిండే రెండో గోడ ఉన్నవి. తాపేశ్వరంలో మా బాండీలు ఇరవై ఏళ్లుగా కాగుతున్నాయి. ఇప్పుడు నెదర్లాండ్స్ మిఠాయి తయారీదారు ఒకరు సీఈ ముద్రతో, అంటే యూరప్ భద్రతా నిబంధనల ప్రకారం చేశామని చెప్పే గుర్తుతో, ఒకటి అడిగారు. బాండీ 300 లీటర్లు, జాకెట్‌లో ఆవిరి పీడనం 3 బార్, వంచడానికి చేతిచక్రం. కన్సల్టెంటుగారు 300ను 3తో గుణించి, 900 కాబట్టి ప్రమాద స్థాయిలో రెండో కేటగిరీ, బయటి సంస్థ తనిఖీ తప్పదన్నారు. ఆ ఫీజుతో ఇంకో బాండీ చేసేయవచ్చు. ఆ లెక్క సరైనదేనా?

కాకినాడ పాత ఇన్‌స్పెక్టర్:
కాదండీ. పాకం పోసే గిన్నె మూత లేకుండా ఉంటుంది, అందులో పీడనమెక్కడిది? ఆవిరి నిండేది జాకెట్టే. దాంట్లో నీళ్లు పోసి కొలిచి చెప్పండి.

మండపేట వర్క్‌షాపు:
డ్రెయిన్‌కు బిరడా కొట్టి బిందెతో పోశాం. 58 లీటర్లు పట్టింది. మా కుర్రాడు రెండుసార్లు లెక్కపెట్టాడు.

కాకినాడ పాత ఇన్‌స్పెక్టర్:
58 × 3 = 174. పీడన పరికరాలకు యూరప్ పెట్టిన 2014/68/ఈయూ నిబంధనలో ఆవిరి రెండో గ్రూపు వాయువు, అంటే ప్రమాదకరమైన వాయువుల గ్రూపులో లేనిది. దానికి 50 దాటి 200 వరకు మొదటి కేటగిరీ. అంటే మాడ్యూల్ ఏ: డ్రాయింగులు, లెక్కలు, ప్రమాద విశ్లేషణ, పరీక్షల రికార్డులు మీరే తయారుచేసి, నిబంధన ప్రకారమే చేశామనే ప్రకటన మీద మీరే సంతకం పెడతారు. ఫైలు పదేళ్లు దాచాలి. ముద్ర పక్కన ఏ సంస్థ నంబరూ రాదు.

ఒక్క సంగతి. మన వాళ్లకు ఒక అలవాటుంది: గట్టిగా చేశాం కదా అని ప్లేటు మీద 4 బార్ కొట్టేస్తారు. 232 అవుతుంది, రెండో కేటగిరీలో పడతారు. 3 అనే కొట్టండి. సేఫ్టీ వాల్వు మాత్రం సీఈ ముద్ర ఉన్నదే కొనండి, విడిగా చూస్తే అది మామూలుగా నాలుగో కేటగిరీ. నీళ్లు నింపి ఒత్తిడి పెట్టే పరీక్షకు ప్లేటు మీది పీడనానికి ఒకటిన్నర రెట్లు చాలనుకోవద్దు. 1.43 రెట్లు ఒక లెక్క, వేడికి లోహం బలం తగ్గడాన్ని కలిపి 1.25 రెట్లు ఇంకో లెక్క. రెండింటిలో పెద్దది పట్టాలి.

మండపేట వర్క్‌షాపు:
చాలా సంతోషమండీ. అన్నట్టు, కలపడానికి మోటారు కూడా పెట్టమన్నారు.

కాకినాడ పాత ఇన్‌స్పెక్టర్:
అది ముందే చెప్పాలి కదండీ! మోటారుతో తిరిగితే అది యంత్రం. మొదటి కేటగిరీ దాటని పరికరం యంత్రాల నిబంధన కిందకు వస్తే పీడన నిబంధన దానికి వర్తించదు. ముద్ర 2006/42/ఈసీ కింద వేయాలి. అదీ 2027 జనవరి 20 నుంచి మారుతుంది. సరుకు ఎప్పుడు పంపుతున్నారు?