పీఆర్‌పీ జీన్ పనేంది? తెలిసినోళ్లు చెప్పండప్పా

ప్రొద్దుటూరు చిన్నోడు: సాయంత్రం ఆరు నుంచి కూర్చున్నా, ఇప్పుడు ఒంటిగంట. పీఆర్‌పీ జీన్ ఏం చేస్తాది? యాడ చూసినా ‘ఆర్‌ఎన్‌ఏ స్ప్లైసింగ్’ అని ఒక ముక్క రాసి వదిలేసినారు. తల పగిలిపోతాంది. లింకులొద్దు, తెలుగులో చెప్పండి.

గుత్తి గాలి: పీఆర్‌పీ అంటే మన రక్తం తీసి, అందులో ప్లేట్‌లెట్లు పట్టి నెత్తికి సూదులేస్తారే, అది. మూడుసార్లు ఏయించుకున్నా. మొలిచినట్టే మొలిచి రాలిపోయినాయి. దుడ్లు దండగ.

ల్యాబు పిల్లి: పీఆర్‌పీ తర్వాత అంకె ఉంటాది. అదేంది? మనిషిదా, ఈస్ట్‌దా?

ప్రొద్దుటూరు చిన్నోడు: మనిషిదే, ఇంకెవరిది! పీఆర్‌పీఎఫ్31 అని ఉంది రిపోర్టులో.

ల్యాబు పిల్లి: రిపోర్టా? ఆ మాట ముందు చెప్పాల. అది 19వ క్రోమోజోమ్ మీద ఉండే జీన్. జీన్ నుంచి మొదట తయారయ్యే నకలు ఆర్‌ఎన్‌ఏ. అందులో మధ్యమధ్య ఇంట్రాన్లు అనే అక్కర్లేని ముక్కలు ఉంటాయి. వాటిని తీసేసి, మిగిలిన ముక్కలను, అంటే ఎక్సాన్లను, కలిపే పనే స్ప్లైసింగ్. ఆ పని చేసే యంత్రం స్ప్లైసియోసోమ్. అందులోకి యూ4, యూ6 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ భాగాలు జంటగా వస్తాయి. యూ5 అనే ఇంకో భాగం వాటితో కలిస్తేనే పని సాగుతాది. ఆ కలయిక నిలవాలంటే ఈ జీన్ ఇచ్చే ప్రొటీన్ కావాల. ఎవరిది రిపోర్టు? రేచీకటా?

రిటైర్డు మాస్టారు: స్ప్లైసింగ్‌ను మన పుస్తకాల్లో ‘కత్తిరింపు’ అని రాస్తాండారు. తప్పు. దర్జీ గుడ్డ కత్తిరిస్తే చొక్కా అయిపోతుందా? కుట్టాల. 1977లో షార్ప్, రాబర్ట్స్ అనే శాస్త్రవేత్తల బృందాలు వేర్వేరుగా కనిపెట్టింది ఆ రెండూ కలిసిన పని. 1993లో నోబెల్ ఇచ్చింది దానికే. ‘అతుకు’ అనాల.

ల్యాబు పిల్లి: అతుకంటే మాసిక అనుకుంటారు సార్. స్ప్లైసింగ్ అనే రాద్దాం.

ప్రొద్దుటూరు చిన్నోడు: రిపోర్టు మా మామది. చీకటి పడితే బండి తీయడు. ఇప్పుడు పగలు గూడా పక్కన నిలబడిన మనిషి కనపడడు. తాతకూ అట్లే ఉండె. మా అమ్మకేమీ లేదు. ఒళ్లంతా ఉండే జీన్ అయితే కన్నే ఎందుకు పోవాల?

కడప వైద్యం: మునగాకు, క్యారెట్. నెల తినమను.

ల్యాబు పిల్లి: అది విటమిన్ ఏ తక్కువైనోళ్ల రేచీకటికి. ఇది రెటినైటిస్ పిగ్మెంటోసా, కంటి వెనక పొర మెల్లగా చెడిపోయే వేరే జబ్బు. మసక వెలుతురులో చూపునిచ్చే కంటి వెనక రాడ్ కణాలు రోజూ తమ పైభాగంలో పదో వంతు రాల్చి కొత్తది కట్టుకుంటాయి. అంత పనికి ప్రొటీన్లు ఎడతెగకుండా కావాల. ఈ జీన్ మనకు అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి, రెండు కాపీలు వస్తాయి. ఒక కాపీ చెడితే మిగతా ఒళ్లు సర్దుకుంటాది, కన్ను సర్దుకోలేదు. ఎక్కువమంది చెప్పే వివరణ ఇదీ.

కడప వైద్యం: మేనరికం వల్లే అంతా.

ల్యాబు పిల్లి: కాదు. రెండు కాపీలూ చెడితే వచ్చే జబ్బులకు ఆ మాట. దీనికి ఒక్కటి చాలు. చిన్నోడా, మీ అమ్మ దగ్గర గూడా ఆ చెడ్డ కాపీ ఉండొచ్చు. అవ్వ నుంచి వచ్చిన మంచి కాపీ గట్టిగా పనిచేస్తే చూపు నిలుస్తాది. మామకు అవ్వ నుంచి వచ్చిన మంచి కాపీ వేరేదై ఉంటాది. ఈ జీన్‌తో ఒక తరం దాటి బయటపడడం మామూలే. అమ్మ దగ్గర ఉంటే ఆ చెడ్డ కాపీ నీకు వచ్చే అవకాశం సగం. జెనెటిక్ కౌన్సెలింగ్ చేసే డాక్టరును కలవండి.

ప్రొద్దుటూరు చిన్నోడు: సరేన్నా. అమ్మకింకా చెప్పల్యా. థ్యాంక్స్.

రిటైర్డు మాస్టారు: ‘కూర్పు’ అంటే ఎట్లుంటాది?