రొయ్యల చెరువు దారాలకు చిక్కిన పిట్ట కాలికి ఉంగరం ఉంది, ఏం చేయాలి?

ప్రశ్న (తాళ్ళరేవు రైతు):
మడ అడవిని ఆనుకొని మాకు రొయ్యల చెరువు ఉంది. కొంగలు, నీటికాకులు దిగకుండా చెరువు మీద కట్టిన దారాలకు చిక్కుకొని మొన్న ఉదయం ఒక చిన్న పిట్ట చనిపోయి కనిపించింది. దాని ముక్కు పొడవుగా, చివర కిందికి వంగి ఉంది. కాలికి లోహపు ఉంగరం ఉంది. దాని మీది ఆంగ్ల అక్షరాలలో బొంబాయి అన్న మాటను, కొన్ని అంకెలను చదవగలిగాను. అటవీశాఖకు తెలిస్తే కేసవుతుందని, పాతిపెట్టి ఊరుకోమని మా బావగారు అంటున్నారు. ఏం చేయమంటారు? ఏటా జనవరిలో వచ్చి పిట్టలను లెక్కపెడుతూనే ఉన్నారు కదా, పట్టుకొని ఉంగరాలు తొడగడం ఎందుకో కూడా చెప్పగలరు.

జవాబు (పక్షి పరిశీలకుడు, కాకినాడ):
దయచేసి పాతిపెట్టకండి. అది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారి ఉంగరం. 1927 నుంచి ఆ సంస్థ మన దేశంలో పిట్టలకు ఉంగరాలు తొడిగే పని చేస్తోంది. ఉంగరాన్ని, పిట్టను దగ్గర నుంచి ఫోటో తీసి, సంఖ్యను అక్షరం తప్పకుండా రాసుకొని, దొరికిన తేదీ, చోటు, చనిపోయిన తీరు కలిపి ఆ సంస్థకూ, కోరింగ అభయారణ్యం సిబ్బందికీ తెలియజేయండి. ఉంగరాన్ని వారు చెప్పేదాకా తీయవద్దు. ప్రాణంతో ఉన్న పిట్టకైతే ఎన్నడూ తీయకూడదు.

మీ వర్ణనను బట్టి అది వంపుముక్కు ఉల్లంకి కావచ్చు. సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెట్టి, చలికాలానికి మన కాకినాడ తీరంలోని కుంభాభిషేకం అనే చోటి బురద మేటల వంటి చోట్లకు వచ్చే జాతి అది. జనవరి లెక్క ఎన్ని ఉన్నాయో చెబుతుంది. నిరుడు వచ్చినవే మళ్ళీ వచ్చాయా, వాటిలో ఎన్ని బతికాయి, ఏ దారిన వచ్చాయి అన్నది చెప్పజాలదు. ఉంగరంతో ఒక్కొక్క పిట్టకూ గుర్తింపు వస్తుంది. పట్టుకున్నప్పుడే ఈకల అరుగుదలను బట్టి అది ఆ ఏటి పిల్లా, పెద్దదా అని తేల్చుతారు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే: సైబీరియాలో లెమ్మింగులనే చిన్న ఎలుకలు తగ్గిన ఏట నక్కలు ఉల్లంకి పిల్లల మీద పడతాయి, అందువల్ల ఆ ఏడు వలస వచ్చిన గుంపులలో పిల్లల వాటా బాగా తగ్గుతుంది.

జవాబు (యానాం నుంచి ఒక ఉపాధ్యాయిని):
ఇంత ప్రయోజనం ఉన్నా, చేతిలో ఇమిడే ప్రాణిని వలవేసి పట్టడం నాకు బాధగానే ఉంటుంది. బెదిరి చనిపోయేవి ఉండవా అండి?

జవాబు (ఉంగరాల శిబిరాలలో సహాయకుడిగా పనిచేసినవాడు):
అమ్మా, మీ బాధ సరైనదే. ప్రమాదం బొత్తిగా లేదని నేను చెప్పను. అందుకే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి లేకుండా ఎవరూ పట్టకూడదు, శిక్షణ లేనివారి చేతికి పిట్టను ఇవ్వరు. సన్నని వలలను తరచుగా చూసి వస్తాము. ఎండ ముదిరితే, వాన వస్తే మూసేస్తాము. పిట్ట మెడ చూపుడు వేలికీ మధ్యవేలికీ నడుమ, వీపు అరచేతిలో ఉండేలా పట్టుకొని, కాలి లావుకు సరిపోయే తేలికపాటి ఉంగరం తొడిగి, రెక్కనూ ముక్కునూ కొలిచి, తూకం వేసి వదిలేస్తాము. ఒక్క పిట్ట ఆయాసపడినా కొలతలు మానేసి ముందు దానిని వదలాలని మా గురువుగారు నేర్పారు. ఉంగరం వేసిన వాటిలో తిరిగి కబురు అందేవి అతి కొద్ది. కనుక మన రైతులు, జాలరులు చెప్పకపోతే మేము పడిన శ్రమా, ఆ పిట్ట పడిన బాధా రెండూ వ్యర్థం.

రైతుగారూ, ఒక మాట. చెరువు దారాలకు చిక్కిందని రాయడానికి జంకకండి. డెల్టాలో ఇవి వేటివల్ల చనిపోతున్నాయో తెలియవలసినది ముఖ్యంగా అదే.

ప్రశ్న అడిగినవారు:
సంఖ్య, ఫోటోలు పంపాను. అభయారణ్యం సిబ్బంది వచ్చి పిట్టను ఉంగరంతో సహా తీసుకెళ్ళారు. దారాలకు చిక్కి చనిపోయిందనే రాసి ఇచ్చాను. పిట్టలకు దూరం నుంచే కనబడేలా ఈ రోజు ఆ దారాలకు తెల్లని రిబ్బన్లు కడుతున్నాము. బావగారు కూడా చెరువు దగ్గరే ఉన్నారు.